గ్రోత్ ఆప్షనా, ఐడీసీడబ్ల్యూనా? మ్యూచువల్ ఫండ్ ఫారం నింపేముందు తేల్చుకోవాల్సిన లెక్క

2020 మార్చి నెలాఖరు. లాక్‌డౌన్ పెట్టి వారం కూడా కాలేదు. అనంతపురం సాయినగర్‌లో మా ఇంట్లో నాయన వసారాలో కూర్చుని ఫోన్ నా చేతికిచ్చి అడిగాడు: "పాపా, వడ్డీ ఇచ్చినాక అసలెట్ల తగ్గుతాది?"

నాయన ముప్పై ఏళ్ళు లెక్కల సారుగా పనిచేశాడు. 2017 ఆగస్టులో, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి 10 లక్షలు ఒక హైబ్రిడ్ ఫండ్‌లో (షేర్లలో, బాండ్లలో కలిపి పెట్టేది) పెట్టాడు. ఇంటికొచ్చి ఫారం నింపించిన ఆయన "నెలకు ఎనిమిది వేలు వస్తాది సార్, బ్యాంకు కంటే మేలు" అన్నాడు. సెప్టెంబరు నుంచి నెలనెలా 8,000 పడింది కూడా. నాయన పాస్‌బుక్‌లో ప్రతి ఎంట్రీ పక్కన పెన్సిల్‌తో 'వడ్డీ' అని రాసుకున్నాడు. ముప్పైఒక్క నెలల తరువాత చూస్తే ఫండ్ విలువ 6 లక్షల 40 వేలు.

ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ముప్పైఒక్క నెలల్లో చేతికి వచ్చింది 2 లక్షల 48 వేలు. మిగిలింది 6 లక్షల 40 వేలు. రెండూ కలిపితే 8 లక్షల 88 వేలు. అంటే మార్కెట్ దెబ్బకు తగ్గింది లక్షా 12 వేలే. మిగతాదంతా నాయన డబ్బే నాయన చేతికి వచ్చింది. ఆయన దాన్ని వడ్డీ అనుకుని ఖర్చుపెట్టుకున్నాడు. విత్తనపు కాయలు వేయించుకుని తింటున్నామని తెలిసుంటే ఆ డబ్బును వేరేలా వాడుకునేవాడు.

అప్పటినుంచి ఎవరు ఫండ్ స్టేట్‌మెంట్ తెచ్చినా నేను మొదట చూసేది లాభనష్టాలు కాదు, లాభం ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్‌లో ఉన్నారా, మధ్యమధ్యలో డబ్బు పంచే ఐడీసీడబ్ల్యూలో ఉన్నారా అన్నది. ఆ తేల్చుకోవడం ఎలాగో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: మీరిప్పుడు ఎందులో ఉన్నారో చూడండి

స్టేట్‌మెంట్‌లో పథకం పేరు పొడుగ్గా ఉంటుంది. అందులో మూడు ముక్కలుంటాయి. ఒకటి పథకం పేరు. రెండోది డైరెక్టా, రెగ్యులరా అన్నది, అంటే మధ్యలో కమీషన్ తీసుకునేవాళ్ళు ఉన్నారా లేదా. మూడోది గ్రోత్ లేదా ఐడీసీడబ్ల్యూ. చాలామంది మొదటి ముక్క చదివి ఆపేస్తారు. మనకు కావలసింది చివరిది.

ఐడీసీడబ్ల్యూ అంటే ఇదివరకటి డివిడెండ్ ఆప్షనే. ఫండ్లను నియంత్రించే సెబీ 2020 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి పేరు మార్పించింది. కొత్త పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే 'ఆదాయం పంపిణీతో పాటు మూలధనం వెనక్కి తీసుకోవడం'. పలకడానికి కష్టమైనా పేరు నిజం చెబుతోంది. మీకొచ్చే డబ్బులో మీ అసలు కూడా ఉండొచ్చని పేరులోనే ఉంది. మా నాయన ఫారం నింపిననాడు ఈ పేరు ఉండి ఉంటే ఒక్క ప్రశ్నైనా అడిగేవాడు.

ఐడీసీడబ్ల్యూలో మళ్ళీ ముఖ్యంగా రెండు రకాలు. పేఅవుట్ అయితే డబ్బు బ్యాంకులో పడుతుంది. రీఇన్వెస్ట్‌మెంట్ అయితే ఆ డబ్బుతో అదే పథకంలో మళ్ళీ యూనిట్లు కొంటారు. స్టేట్‌మెంట్ దొరక్కపోతే ఫండ్ల ఖాతాలు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌లో మీ పాన్ నంబరు, ఈమెయిల్ ఇస్తే అన్ని ఫండ్ల ఉమ్మడి స్టేట్‌మెంట్ మెయిల్‌కు వస్తుంది.

రెండో మెట్టు: లెక్క మీ చేత్తో మీరే వేయండి

ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతాదంతా సులువు. ఒక్కసారి పెన్ను పట్టుకుని వేయండి.

మీ దగ్గర 10,000 యూనిట్లున్నాయి. ఒక్కో యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, 100 రూపాయలు. మొత్తం 10 లక్షలు.

ఐడీసీడబ్ల్యూలో ఫండ్ వాళ్ళు యూనిట్‌కు 5 రూపాయలు ప్రకటించారు. మీకు 50,000 వచ్చింది. రికార్డ్ డేట్ (ఎవరికి పంచాలో లెక్క తీసే రోజు) దాటగానే ఎన్‌ఏవీ 100 నుంచి 95కు దిగుతుంది. యూనిట్లు 10,000 అలాగే ఉన్నాయి, విలువ తొమ్మిదిన్నర లక్షలు. చేతిలో 50,000.

గ్రోత్‌లో ఎవరూ ఏమీ పంచరు. మీకే 50,000 కావాల్సి వచ్చి 500 యూనిట్లు అమ్మారు. మిగిలినవి 9,500 యూనిట్లు, ధర 100 అలాగే ఉంది. విలువ తొమ్మిదిన్నర లక్షలు. చేతిలో 50,000.

రెండింట్లోనూ మీ సంపద ఒకటే. ఒకదాంట్లో ధర తగ్గింది, రెండోదాంట్లో యూనిట్ల సంఖ్య తగ్గింది. 'ఈ ఫండ్ డివిడెండ్ ఇస్తుంది, అది ఇవ్వదు' అని గొప్పగా చెప్పేవాళ్ళు ఎదురైతే ఈ నాలుగు అంకెలు వాళ్ళ ముందు వేయండి.

మా పల్లె వైపు గొర్రెల మందను కాపరికి అప్పజెప్పిన వాళ్ళకు ఇది ఇంకా త్వరగా ఎక్కుతుంది. కాపరి తనకు తోచినప్పుడు నాలుగు గొర్రెలు సంతలో అమ్మి డబ్బు పంపిస్తే అది ఐడీసీడబ్ల్యూ. 'నాకు పాప పెళ్ళి ఉంది, ఈసారి పది అమ్ము' అని మీరు కబురు చేస్తే అది గ్రోత్. గొర్రెలు మీవే, డబ్బూ మీదే. ఎప్పుడు అమ్మాలో, ఎన్ని అమ్మాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే తేడా.

బ్యాంకు డిపాజిట్ వడ్డీ అలా కాదు. అక్కడ అసలు కదలదు, వడ్డీ విడిగా పుడుతుంది. ఫండ్‌లో లాభమైనా నష్టమైనా ఆ ఎన్‌ఏవీలోనే కలిసి ఉంటుంది. పంచే డబ్బు ఇంత ఉంటుందన్న హామీ కూడా లేదు. పంచడానికి మిగులు ఉంటేనే పంచుతారు. 2018 నుంచి 2020 మధ్య చాలా హైబ్రిడ్ ఫండ్లు నెలనెలా ఇచ్చేది తగ్గించాయి. మా నాయనకూ 2020 ఏప్రిల్ నుంచి ఎనిమిది వేలు కాస్తా ఆరు వేలైంది. చెప్పిన మాట తప్పారని ఆయన బాధపడ్డాడు. కాగితంలో ఎక్కడా అలాంటి మాటే లేదు, నోటిమాటగా చెప్పింది నమ్మాడు.

మూడో మెట్టు: ఈ డబ్బు ఎప్పుడు కావాలో రాసుకోండి

తేదీ కాకపోయినా సంవత్సరం రాయండి. 'పిల్లవాడి ఇంజినీరింగ్, 2035', 'ఇంటి మీద అంతస్తు, 2031', 'నా రిటైర్మెంట్' అని. ఐదేళ్ళు దాటి అవసరం ఉన్న డబ్బుకు గ్రోత్ తప్ప వేరే ఆలోచన వద్దు. మధ్యలో వచ్చే చిన్నచిన్న మొత్తాలు ఎటు పోతాయో తెలియకుండా పోతాయి. బ్యాంకులో 4,300 పడితే అది కూరగాయల్లో, పెట్రోలులో కలిసిపోతుంది. మళ్ళీ తెచ్చి పెట్టుబడి పెట్టేవాళ్ళను నేను ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు.

'ఖర్చుపెట్టను కదా, రీఇన్వెస్ట్‌మెంట్ పెట్టుకుంటాను' అంటే అది ఇంకా నష్టం. చేతికి పైసా రాకుండానే పన్ను కట్టాలి (ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను). పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసే మా మేనల్లుడికి ఇలా లెక్క వేసి చూపించాను. 10 లక్షలు, ఏటా 10 శాతం పెరుగుదల, 15 ఏళ్ళు. అతను ఆదాయపు పన్నులో 20 శాతం స్లాబులో ఉన్నాడు, సెస్సుతో 20.8. గ్రోత్‌లో 15 ఏళ్ళకు 41 లక్షల 77 వేలవుతుంది. మొత్తం ఒకేసారి అమ్మి పన్ను కట్టినా దాదాపు 37.8 లక్షలు మిగులుతుంది. అదే ఏటా 5 శాతం పంచి, దాని మీద పన్ను పోగా మిగిలింది మళ్ళీ పెడితే, చివర్లో పన్ను కూడా పోను దాదాపు 34.5 లక్షలు. ఫండ్ అదే, రిస్కూ అదే. ఫారంలో ఒక్క టిక్కు తేడాకు మూడు లక్షల పైన పోతుంది. పది శాతం అన్నది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే, అంత వస్తుందని హామీ కాదు.

పన్ను ఆదా కోసం ఈఎల్‌ఎస్‌ఎస్ అనే ఫండ్లలో పెట్టినవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ప్రతి పెట్టుబడికీ మూడేళ్ళ లాక్-ఇన్, అంటే అంతదాకా తీయలేరు. రీఇన్వెస్ట్ చేసిన ప్రతి చిన్న మొత్తానికీ మళ్ళీ మూడేళ్ళు మొదలవుతుంది. అలా అయితే పూర్తిగా బయటపడే రోజే రాదు.

నాలుగో మెట్టు: పన్ను

ముందు ఒక పాత మాట తీసేయాలి. 'డివిడెండ్ మీద మనకు పన్ను లేదు' అని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. 2020 మార్చి 31 దాకా అది నిజమే. అప్పుడు పంపిణీ పన్నును ఫండే కట్టి మిగిలింది ఇచ్చేది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు వచ్చిన మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది, మీ స్లాబు ప్రకారం పన్ను.

గ్రోత్‌లో అమ్మినప్పుడు లాభం మీద మాత్రమే పన్ను. ఈక్విటీ ఫండ్ (షేర్లలో పెట్టేది) అయితే ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. ఈ రేట్లు 2024 జూలై 23 నుంచి వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్లకు (బాండ్లలో పెట్టేవి) ఈ వెసులుబాటు లేదు. ఎన్నేళ్ళు ఉంచినా లాభం మీ స్లాబులోనే పడుతుంది. అయినా పన్ను పడేది లాభం మీదే, అదీ మీరు అమ్మిన ఏడాదిలోనే.

రెండో మెట్టులోని 50,000 దగ్గరికి మళ్ళీ రండి. అది ఈక్విటీ ఫండ్, మీరు కొన్న ధర 80 అనుకుందాం. కొని ఏడాది దాటింది. గ్రోత్‌లో 500 యూనిట్లు అమ్మితే లాభం యూనిట్‌కు 20 చొప్పున 10,000. లక్షా పాతిక వేల లోపే కాబట్టి పన్ను సున్నా. ఐడీసీడబ్ల్యూలో 50,000 మొత్తం ఆదాయమే. మా మేనల్లుడి స్లాబులో 10,400 పన్ను. చేతికొచ్చిన డబ్బు ఒకటే, పన్ను తేడా పదివేల పైన.

పెన్షన్‌దారుల సంగతి వేరు, ఇక్కడే చాలామంది సలహాదారులు తొందరపడతారు. నెలకు 45,000 పెన్షన్, ఫండ్ నుంచి ఏడాదికి 96,000 ఐడీసీడబ్ల్యూ వచ్చే వ్యక్తికి మొత్తం ఆదాయం ఆరున్నర లక్షలు దాటదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి ఐడీసీడబ్ల్యూ మీద కూడా ఆయనకు పన్ను పడదు. అలాంటివాళ్ళకు 'పన్ను కోసం గ్రోత్‌కు మారండి' అని చెప్పడం సరికాదు. మారాలంటే వేరే కారణాలుండాలి.

అయితే టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే కోసే పన్ను) మాత్రం వాళ్ళకూ తగులుతుంది. ఒక ఫండ్ సంస్థ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం పట్టుకునే ఇస్తారు. 2025 మార్చి దాకా ఈ పరిమితి 5,000 ఉండేది. పై ఉదాహరణలో 9,600 పోతుంది. రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది. వేయకపోతే పోయినట్టే. పన్ను పడనివాళ్ళు ఏడాది మొదట్లోనే టీడీఎస్ కోయొద్దని డిక్లరేషన్ ఇచ్చేస్తే ఈ టెన్షన్ ఉండదు. గ్రోత్‌లో యూనిట్లు అమ్మితే, ఇక్కడే నివసించేవాళ్ళకు టీడీఎస్ లేదు.

ఐదో మెట్టు: నెలనెలా డబ్బు కావాలంటే

కావలసినవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళకు నా సలహా గ్రోత్‌లో పెట్టి ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకోమని. ఎస్‌డబ్ల్యూపీ అంటే, ఫలానా తేదీన ఫలానా మొత్తానికి సరిపడా యూనిట్లు అమ్మి నా బ్యాంకుకు పంపమని ఒక్కసారి రాసివ్వడం. ఎంత రావాలో మీరు చెబుతారు. పెంచుకోవచ్చు, ఆపుకోవచ్చు.

ఎంత తీసుకోవాలన్న దగ్గరే జాగ్రత్త కావాలి. ఎస్‌డబ్ల్యూపీ కూడా యూనిట్లు అమ్మడమే, మంత్రం కాదు. నెలకు 8,000 అంటే 10 లక్షల మీద ఏడాదికి 9.6 శాతం. అంత తీస్తే ఐడీసీడబ్ల్యూలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఎన్‌ఏవీ 100 ఉన్నప్పుడు 8,000కు 80 యూనిట్లు పోతాయి. మార్కెట్ పడి 70 అయితే అదే 8,000కు 114 పైన పోతాయి. ధర మళ్ళీ లేచినా ఆ పోయిన యూనిట్లు తిరిగి రావు. పెట్టిన మొత్తం మీద ఏడాదికి 5 శాతం దాటకుండా ఉంటే నాకు నిద్ర పడుతుంది. 10 లక్షలకు నెలకు నాలుగు వేల చిల్లర. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ అది పదేళ్ళ తరువాత కూడా రావాలి.

అనంతపురం వాళ్ళకు కరువు లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. వాన మీద నమ్మకం లేకనే మన పెద్దలు పాతరల్లో గింజలు దాచారు. ఇక్కడా అంతే. కనీసం రెండేళ్ళ ఖర్చుకు సరిపడా డబ్బు మార్కెట్‌తో సంబంధం లేనిచోట ఉంచండి. అరవై దాటినవాళ్ళకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూణ్ణెల్లకోసారి వడ్డీ. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరుమీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు. మా నాయన అడిగిన 'వడ్డీ' నిజంగా దొరికేది వీటిలోనే. ఆ పాతర పూర్తిగా నిండాకే ఫండ్ ఎస్‌డబ్ల్యూపీ గురించి ఆలోచించాలన్నది నా అభిప్రాయం. ఎప్పుడైనా మార్కెట్ బాగా పడితే ఎస్‌డబ్ల్యూపీ కొన్నాళ్ళు ఆపి, ఈ పాతరలోంచి తీసుకోండి.

ఇంకా కొన్ని చిన్న సంగతులు. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు తీస్తే ఎగ్జిట్ లోడ్ (తొందరగా తీసినందుకు కోత) ఒక శాతం దాకా ఉంటుంది, కాబట్టి ఎస్‌డబ్ల్యూపీ ఏడాది దాటాక మొదలుపెట్టండి. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. తేదీ 5 తరువాత పెట్టుకుంటే పెన్షన్ అయిపోవస్తున్న రోజులకు అందుతుంది.

ఐడీసీడబ్ల్యూ ఎవరికి పరవాలేదు

స్లాబులో పన్ను పడనివాళ్ళు, ఎస్‌డబ్ల్యూపీ ఫారం, తేదీ, మొత్తం ఇవన్నీ చూసుకోలేని పెద్దవాళ్ళు, అప్పుడప్పుడు ఎంత వచ్చినా సరే అనుకునేవాళ్ళు ఉంచుకోవచ్చు. ఒక్క షరతు: వచ్చేది వడ్డీ కాదని ఇంట్లో అందరికీ తెలియాలి.

రికార్డ్ డేట్ దగ్గరపడిందని, డివిడెండ్ వస్తుందని తొందరపెట్టి కొనిపించేవాళ్ళను మాత్రం నమ్మకండి. ఈ రోజు 100 పెట్టి కొని, ఎల్లుండి 5 తీసుకుని, 95 చేతిలో పెట్టుకోవడమే అది. పైగా ఆ 5 మీద పన్ను.

ఆరో మెట్టు: మారాలనుకుంటే

ఐడీసీడబ్ల్యూ నుంచి గ్రోత్‌కు మారడాన్ని స్విచ్ అంటారు. ఫండ్ అదే అయినా పన్ను లెక్కలో అది అమ్మి కొన్నట్టే. కాబట్టి మారేముందు మూడు చూడాలి: ఎగ్జిట్ లోడ్ ఉందా, ఇప్పుడు అమ్మితే లాభం ఎంత, ఏడాది దాటిందా. లాభం లక్షా పాతిక వేలు దాటేలా ఉంటే కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో మార్చుకోండి. రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచినట్టవుతుంది.

పాత ఐడీసీడబ్ల్యూ యూనిట్లలో లాభం తక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే పంచినప్పుడల్లా ఎన్‌ఏవీ తగ్గుతూ వచ్చింది. మా నాయన 2021 జనవరిలో మారాడు. అప్పటికి విలువ 8 లక్షల 80 వేలకు లేచింది. కొన్నది పది లక్షలకు కాబట్టి కాగితం మీద లక్షా ఇరవై వేల నష్టం. ఆ నష్టాన్ని రిటర్నులో చూపించి, గడువులోపు వేశాం. అలా చేస్తే ఎనిమిదేళ్ళ దాకా తరువాతి దీర్ఘకాలిక పెట్టుబడి లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది.

ఎస్‌ఐపీ (నెలనెలా పెట్టే పెట్టుబడి) నడుస్తుంటే స్విచ్ ఒక్కటే చాలదు. పాత ఎస్‌ఐపీ రద్దుచేసి గ్రోత్‌లో కొత్తది మొదలుపెట్టాలి. లేకపోతే వచ్చే నెల డబ్బు మళ్ళీ పాత ఆప్షన్‌లోకే వెళ్తుంది. రీఇన్వెస్ట్‌మెంట్ నుంచి పేఅవుట్‌కు మారడం మాత్రం అమ్మకం కాదు, ఒక దరఖాస్తు చాలు.

కొత్తగా పెడుతుంటే

ఫారంలో ఆప్షన్ గడి ఖాళీగా వదలకండి. మీ చేత్తో మీరే టిక్ పెట్టి, ఫొటో తీసుకుని ఉంచుకోండి. నింపిపెట్టేవాళ్ళు 'నెలనెలా వస్తుంది' అంటే ఒక్కటే అడగండి: "ఆ డబ్బు ఇచ్చిన మరుసటి రోజు నా ఎన్‌ఏవీ ఎంతుంటుంది?" జవాబు సూటిగా రాకపోతే సంతకం రేపటికి వాయిదా వేయండి.

ఎస్‌డబ్ల్యూపీ పెట్టాక మొదటి నెల మాత్రం దగ్గరుండి చూసుకోండి. చెప్పిన తేదీ తరువాత రెండు మూడు పనిదినాల్లో డబ్బు పడాలి. మెసేజ్‌లో ఎన్ని యూనిట్లు అమ్మారో, ఏ ధరకో ఉంటుంది. నాయనకు ప్రతినెలా 7న 4,000కు యూనిట్లు అమ్ముతారు. డబ్బు పడగానే డైరీ తీసి మూడు గళ్ళు నింపుతాడు: అమ్మినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, ధర ఎంత. పాస్‌బుక్‌లో ఆ ఎంట్రీల పక్కన ఇప్పుడు పెన్సిల్‌తో 'మనదే' అని రాస్తున్నాడు.